మలీద ముద్ద

మగ్గానికెక్కించే పడుగు నూలుకు గంజి పట్టే రోజు మా ఇంట్లో పొయ్యి గంజి గుండిగదే, పిల్లలది కాదు. వాళ్లకు ఆకలైతే రాత్రి మిగిలిన జొన్నరొట్టెలే దిక్కు. వాటిని తుంచి, రోట్లో దంచి, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తాను. పొయ్యి ముట్టించని పని కాబట్టి మా అత్త లింగవ్వ దాన్ని పని కింద జమకట్టదు. రోలు ముందు కూర్చుంటే ఊరికే కూర్చున్నానంటుంది. నేతకు నూలు కండెలు చుట్టడమూ అంతే. మగ్గం మీంచి దిగిన చీర నా భర్త కైలాసం నేసిందవుతుంది. నేను చుట్టిన నూలుకు పేరుండదు.

ఆ రోజు పొద్దున్నుంచీ నా కడుపులో చాయ్ నీళ్లు తప్ప ఏమీ పడలేదు. బెల్లం వాసనకు నోరూరి ఒక ముద్ద నోట్లో వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే అత్త గంజి కోసం లోపలికి వచ్చింది. నా బుగ్గ ఉబ్బి ఉంది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను.

ఆమె వచ్చిన కాళ్లతోనే వాకిట్లోకి పోయింది. వీధి పొడవునా పడుగు పరిచి, వాడకట్టు మగవాళ్లంతా గంజి పూసే కుంచెలు పట్టుకుని నిలబడ్డారు.

"చూసిండ్రా అయ్యా! పోరగాండ్లకు చేసిన మలీద తల్లే మింగుతుంది. గిసొంటిదాన్ని యాడన్న చూసిండ్రా?"

కైలాసం కుంచె ఆపకుండానే తల్లివైపు చూసి నవ్వాడు. "మనింట్ల ఎలుకలు లెవ్వనుకున్ననే అవ్వా. ఇగో, గింత పెద్దది దొరికింది."

అందరూ నవ్వారు. ఎదురింటి రామవ్వ కూడా కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. ఆమె కూడా నాలాగే కడుపు మాడ్చుకుంటుందని నాకు తెలుసు.

సిగ్గుతో చచ్చిపోయాను. దొంగతనం చేసినందుకు కాదు, నాకు ఆకలైనందుకు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త చెప్పింది, "ఇంటి ఆడిది ఆఖర్న తినాలె, మిగిల్తెనే తినాలె" అని. మిగలకపోతే ఏం చేయాలో చెప్పలేదు. ఇన్నాళ్లూ గిన్నె గోకి తిన్నంతసేపూ మంచి కోడలిని. ఒక్క ముద్ద ముందు తిన్నందుకు ఎలుకనయ్యాను.

తల దించుకుని పిల్లలకు చెరో ముద్ద ఇచ్చాను. కొడుకు నములుతూ వీధిలోకి పరుగెత్తాడు. నీళ్లు తోడి వచ్చేసరికి నా బిడ్డ బాలలక్ష్మి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు వినగానే నోట్లోది గబుక్కున మింగి, పొలమారి దగ్గి, మూతి తుడుచుకుంది.

"నేను తినలే అవ్వా. తమ్మునికే పెట్టిన."

అది దాని వంతు ముద్ద. నేనే దాని చేతిలో పెట్టాను. ఎవరూ అడగలేదు, అయినా అబద్ధమాడింది. నా సిగ్గు నా దగ్గరే ఆగలేదని అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

మిగిలిన మలీద గిన్నె తీసుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి పోయాను. అందరికీ కనబడేటట్టు అరుగు మీద కూర్చున్నాను. దానికొక ముద్ద ఇచ్చి, నేనొకటి తీసుకున్నాను. కుంచెలు ఆగాయి.

"ఏందే, జర సిగ్గన్న ఉన్నదా నీకు?" అన్నది అత్త.

ఉంది. మెడ దాకా ఉంది.

"ఆకలైతుంది అత్తా" అని ముద్ద కొరికాను.

బాలలక్ష్మి నా నోటివైపే చూసింది. నేను నమిలి మింగేదాకా చూసి, తర్వాత అందరి ముందూ తన ముద్ద కొరికింది.