గడప దాటని గుర్రం

జగ్గయ్యపేటలో రామకోటేశ్వరరావు గారికి తెలియని సంగతి లేదు. ఉందని ఆయనతో అనే సాహసం ఎవరూ చేయలేదు. కిరాణా హోల్‌సేల్ కొట్లో కందిపప్పు బస్తాల నడుమ కూర్చుని, చింతచెట్టు ఏ వేళప్పుడు ఆవులిస్తుందో, ఏనుగు చీమను చూసి ఎందుకు సిగ్గుపడుతుందో ఆయన చెప్పడం మొదలుపెడితే, సరుక్కొచ్చినవాళ్ళు బేరమాడకుండా అడిగినంతా ఇచ్చి బయటపడేవారు. వ్యాపారం బాగానే సాగేది.

వైశాఖంలో ఆ ఇంటికి కోడలై వచ్చిన దేవిశ్రీకి ఇదంతా మహా సరదాగా ఉండేది. నందిగామ పిల్ల. డిగ్రీలో బోటనీ, జువాలజీ చదివింది. అయినా మామగారితో వాదించాలనిపించేది కాదు. కొత్త కోడలి కంటికి అక్కడ అన్నీ ముద్దుగానే ఉండేవి. బావి గిలక కీచుమనడం ముద్దు. స్టీలు డబ్బాల మీద అత్తగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండటం ముద్దు. కొట్టు కట్టేసి వచ్చిన మొగుడు కిషోర్ చొక్కాకి అంటుకున్న ధనియాల వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక్కసారి మాత్రం నోరు జారింది. పెరట్లో బొప్పాయి కాయడం లేదని మామగారు దానికి సిగ్గొచ్చేట్టు పాత చెప్పు కడుతుంటే, "అది మగచెట్టండీ, కాయదు" అంది. కొన్నాళ్ళకే ఆ చెట్టుకి వంకరటింకరగా ఓ కాయ కాసింది. అప్పట్నుంచి ఆమె డిగ్రీ ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అలాంటి ఇంటికి జ్యేష్ఠమాసంలో ఒక గుర్రం వచ్చింది. పెళ్ళికొడుకులందరూ పూలు అంటించిన కార్లెక్కుతున్న రోజులవి. కోదాడ వైపు బ్యాండుమేళం వాళ్ళు ఇక దీన్ని మేపలేమని వదిలించుకుంటుంటే, రామకోటేశ్వరరావు గారు దాని మెడ కింద వెంట్రుకల సుడి చూసి కళ్ళకద్దుకుని తోలుకొచ్చారు.

"చూసావా సత్యం, దేవమణి. ఈ సుడి ఉన్న గుర్రం ఇంట్లో ఉంటే లక్ష్మి కదలదు."

"గుర్రం కూడా కదిలేట్టు లేదండీ," అంది ఆయన భార్య సత్యనారాయణమ్మ, వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ దాన్ని చూస్తూ. ఆవిడ మాట్లాడేది తక్కువ. ఆ ఇంట్లో మాట్లాడే పనంతా ఒకరే చేసేవారు.

ఆయన కోడల్ని పిలిచి గుర్రం కాళ్ళ లోపలివైపున్న నల్లటి కాయలు చూపించారు. "వెనకటికి గుర్రాలకి రెక్కలుండేవమ్మా. ఓ ముని కోయించేసాడు. ఇవి ఆ మచ్చలే."

"రెక్కలు వీపు మీద కదా మామయ్యగారూ ఉండేది?"

"పక్షులకి," అన్నారాయన.

మర్నాటి నుంచి శిక్షణ మొదలైంది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి శాస్త్రం ఆయనది, స్వారీ కిషోర్‌ది. అశ్వానికి అయిదు నడకలు నేర్పాలని, వాటి పేర్లు ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఆయన దాని చెవిలో రోజూ చదివేవారు. గుర్రానికి మాత్రం బ్యాండుమేళం నేర్పిన నడక ఒక్కటే వచ్చు. నాలుగడుగులు వేసేది, పెళ్ళికొడుకు స్నేహితులు డాన్సు చేసుకోవడానికి వీలుగా ఆగేది. ఎక్కడైనా రేకుడబ్బా మోగితే నిలబడ్డ చోటే ముందు కాళ్ళు మార్చి మార్చి ఎత్తేది. గుమ్మానికి మామిడి తోరణం కనిపిస్తే చాలు, పెళ్ళివారిల్లు వచ్చేసిందని అక్కడే పాతుకుపోయేది. దాని మీద బిక్కమొహం వేసుకుని కూర్చున్న మొగుణ్ణి చూసి దేవిశ్రీ పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వాక జాలేసి బెల్లం ముక్క పెట్టేది. గుర్రానికొకటి, మొగుడికొకటి.

ఇంతలో ఆషాఢం వచ్చిపడింది. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళాలి. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. నెలంతా అంతే. ఈ మాట వినగానే దేవిశ్రీకి అన్నం సయించలేదు. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య బస్సులో గంట కూడా పట్టదు. ఆ గంట దూరం నెల పొడుగు సాగబోతోంది. ఏడిస్తే బాగుండదు. అందుకని చదువుకున్న పిల్లలా ప్రశ్నలడిగింది.

"గడప తొక్కకూడదంటే కాలుతో తొక్కకూడదనేనా మామయ్యగారూ?"

"మరి చేత్తో తొక్కుతారా అమ్మాయ్."

"ఎవరైనా గుర్రం మీద వచ్చారనుకోండి. వాళ్ళ కాలు నేలకి ఆనదు కదా. అప్పుడెలా?"

ఆ ఇంట్లో ఆయన్ని ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. రామకోటేశ్వరరావు గారు కళ్ళు మూసుకుని, తెరిచి, చాలా సంతోషంగా చెప్పారు.

"రౌతు కాలు లెక్కలోకి రాదమ్మా. దాటింది గుర్రం. దానికి అత్తగారు లేరు."

సత్యనారాయణమ్మ కోడలి మొహంలోకి ఒకసారి చూసి, కూర తరుక్కోవడంలో పడింది.

దేవిశ్రీ నందిగామ వెళ్ళగానే ఎస్టీడీ బూత్ నుంచి కొట్టుకి ఫోన్ చేసింది. "తొలి ఏకాదశి నాడు రండి. మా గుమ్మం బస్తాల బళ్ళు లోపలికి రావడానికి కట్టింది, గుర్రం సుబ్బరంగా పడుతుంది."

"నాన్నకి తెలిస్తే?" అన్నాడు కిషోర్.

"ఆయన తీర్పేనండీ. మనం అమలు చేస్తున్నాం, అంతే."

ఖాళీ బస్తాలు తెచ్చే లారీలో గుర్రాన్ని ఎక్కించి, నందిగామ పొలిమేరలో దించి, అక్కణ్ణుంచి స్వారీ చేస్తూ కిషోర్ అత్తగారి వీధిలోకి వచ్చాడు. దేవిశ్రీ చెల్లెలు సాయిప్రియ తలుపులు బార్లా తీసింది. అన్నీ సరిగ్గా కుదిరాయి. ఒక్కటి తప్ప. పండగని ఆ ఉదయమే గుమ్మానికి మామిడి తోరణం కట్టారు.

గుర్రం తోరణాన్ని చూసింది. గడప ముందు నిలబడిపోయింది.

"బావా, అదిలించండి."

"అదిలిస్తున్నా. ఇది పెళ్ళివారి కోసం చూస్తోంది."

సాయిప్రియ కంచం మీద గరిటెతో కొట్టింది. గుర్రం హుషారుగా కాళ్ళెత్తి అక్కడే ఆడింది. ఆ చప్పుడికి వీధి వీధంతా వచ్చింది. దేవిశ్రీ తల్లి గుమ్మంలోకొచ్చి నోరు నొక్కుకుంది. "అల్లుడుగారూ, మీకు పుణ్యముంటుంది, దిగి లోపలికి మాత్రం రాకండి."

దాంతో అల్లుడికి కాఫీ గుర్రం మీదికే వెళ్ళింది. తర్వాత ఫలహారమూ వెళ్ళింది. దేవిశ్రీ బయటికొచ్చి గుర్రం పక్కన నిలబడింది. ఇన్నాళ్ళూ దాచుకున్న మాటలు బోలెడున్నాయి. కానీ ఎదురింటివాళ్ళు కుర్చీలేసుకుని కూర్చుంటే ఏం మాట్లాడతారు.

"బావున్నారా?"

"బావున్నా. నువ్వు?"

"బావున్నా."

"ఈ మాత్రందానికి గుర్రమెందుకయ్యా," అన్నాడు ఎదురింటి పెద్దాయన కొండలరావు. "ఓ కార్డు ముక్క రాస్తే పోయేదిగా."

మధ్యాహ్నం బస్సులో రామకోటేశ్వరరావు గారు దిగారు. గుర్రం లేదని తెలిసి ఆయన వెతికిన మొదటి చోటు ఇదే. కొడుకు ఆషాఢంలో అత్తారింటికి వచ్చినందుకు వియ్యపురాలికి ఏం సమాధానం చెప్పాలా అని దారంతా ఆలోచించుకునొచ్చారు. తీరా చూస్తే అందరూ ఆయన్ని గుర్రం గురించి అడిగారు. ఇక తక్కినవన్నీ మర్చిపోయారు.

"ఏమిటన్నయ్యగారూ ఇది, కదలదు?" అంది దేవిశ్రీ తల్లి.

తెలియదు అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. చుట్టూ తిరిగి చూశారు, సుడి తడిమారు. "దేవమణి ఉన్న జాతి చెల్లెమ్మా. లక్ష్మి ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. లక్ష్మిని వదిలి కదలదు."

"మరి మీ ఇంటి లక్ష్మి ఎవరంటారూ?" అడిగాడు కొండలరావు.

వీధంతా దేవిశ్రీ వైపు చూసింది. ఆమె తలొంచుకుంది. రామకోటేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆచారం ఒకవైపు, అశ్వశాస్త్రం ఒకవైపు. రెండూ ఆయనవే. కానీ వింటున్న జనమంతా గుర్రం వైపున్నారు.

"బట్టలు సర్దుకో అమ్మాయ్," అన్నారు.

ఆమెను కిషోర్ వెనక ఎక్కించే సందట్లో సాయిప్రియ మెల్లగా తోరణం పీకి తలుపు చాటున పడేసింది. గుర్రం ఒకసారి గుమ్మం వైపు చూసి, పెళ్ళి అయిపోయినట్టుందని తిరిగి నడిచింది. వీధిలోవాళ్ళు దణ్ణాలు పెట్టారు. రామకోటేశ్వరరావు గారు వాటిని తనకే అనుకున్నారు. దేవిశ్రీ మొగుడి నడుం గట్టిగా పట్టుకుని, వీపుకి మొహం ఆనించి, నవ్వు ఆపుకోలేక వణికింది. ధనియాల వాసన అలాగే ఉంది.

పొలిమేర నుంచి మళ్ళీ లారీలో జగ్గయ్యపేట చేరేసరికి సత్యనారాయణమ్మ సంచితో అరుగు మీద కూర్చుని ఉంది. అన్నం వండి, మూతలు పెట్టి, జడ వేసుకుని సిద్ధంగా ఉంది.

"ఎక్కడికే?" అన్నారాయన.

"చెవిటికల్లు. మా అన్నయ్య వాళ్ళింటికి. అత్తాకోడళ్ళం ఒకే గడప దాటకూడదన్నారుగా. కోడలొస్తే నేను దాటాల్సిందే." చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ మాట్లాడిన పెద్ద మాట అది. వెళ్తూ వెళ్తూ కోడలి బుగ్గ నిమిరి, "జాగ్రత్తమ్మా," అంది. ఏ విషయంలోనో చెప్పలేదు. ఆవిడ నడక చూసి కిషోర్ ఆశ్చర్యపోయాడు. అమ్మ ఇంత వేగంగా నడవగలదని అతనికి తెలియదు.

సాయంత్రం భోజనాలయ్యాయి. కిషోర్ గదిలో కొత్త దుప్పటి పరిచి, అద్దంలో జుట్టు దువ్వుకుంటున్నాడు. దేవిశ్రీ గబగబా వంటిల్లు సర్దేసి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ అటు అడుగేసింది.

"అమ్మాయ్, ఇలా కూర్చో," అన్నారు మామగారు పడక్కుర్చీలోంచి. రోజూ సత్యనారాయణమ్మ కూర్చునే పీట ఎదురుగా ఖాళీగా ఉంది. "ఒంటె నీళ్ళు ఎక్కడ దాచుకుంటుందో తెలుసా నీకు?"

దేవిశ్రీ పీట మీద కూర్చుంది. ఒంటె దగ్గర మొదలైన సంగతి ఉష్ట్రపక్షి మీదుగా, తాటిచెట్టులో ఆడామగా తేడాల మీదుగా, టిబెట్టు దేశపు పెళ్ళిళ్ళ దాకా వచ్చేసరికి గదిలోంచి కిషోర్ గురక వినిపించింది.

ఆషాఢం ఇంకా సగానికి పైగా ఉంది.