కంచె లోపలి కలుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాకినాడలో మా అమ్మ ఈ సంగతి ఉయ్యాల్లోనే కనిపెట్టిందట. ఆ రోజు మాత్రం కోపం రాలేదు.

అల్ ఖోర్ దాటి ఎడారిలోకి కొంత దూరం పోతే ఒక పల్లం ఉంది. ఇలాంటి పల్లాన్ని ఇక్కడ రౌదా అంటారు. చుట్టుపక్కల రాతినేల మీద పడ్డ వానంతా అందులోకే చేరుతుంది కాబట్టి, ఖతార్‌లో తనంతట తాను మొలిచిన పచ్చదనం చూడాలంటే అలాంటి చోటికే పోవాలి. ఆ పల్లంలో ఒంటెలు రాకుండా కంచె వేయించి, ఏడేళ్ళుగా ప్రతి మార్చిలోనూ లోపల ఏయే మొక్కలు మొలిచాయో లెక్కపెట్టడం నా ఉద్యోగం. మొదటి ఏడు ముప్ఫై ఒక్క రకాలు దొరికాయి. పోయినేడు నాలుగంటే నాలుగు. రేగు, తుమ్మ, రెండు రకాల ముళ్ళపొదలు. వానకు మొలిచి, రెండు మూడు నెలల్లో పూసి, గింజ రాల్చి ఎండిపోయే చిన్న మొక్కలు ఒక్కటీ లేవు.

ఆ ఏళ్ళలో వానలూ తగ్గాయి. రెండూ పక్కపక్కన పెడితే సంగతి చిన్నపిల్లకైనా తెలుస్తుందనుకున్నాను. వాన చాలక గింజలు మట్టిలోనే చచ్చిపోయాయి, ఇక ఎంత కురిసినా ఈ పల్లం కోలుకోదు అని రిపోర్టు రాసి, డిసెంబరులో సంతకం పెట్టి పంపేశాను. దీని మీద రెండు సభల్లో మాట్లాడాను కూడా. చప్పట్లు కొట్టారు. ఎలాగూ చచ్చిన నేలే కదా అని, దాన్ని పూడ్చి గోదాములు కట్టడానికి పైవాళ్ళు అనుమతి ఇచ్చారు. జనవరి చివరి ఆదివారం బుల్డోజర్లు వస్తాయన్నారు.

జనవరి మొదట్లో మూడు రోజులు వాన దంచి కొట్టింది. మేముండే అల్ తుమామాలో వీధి వీధంతా చెరువైంది. మార్చి దాకా ఆగితే ఇక పల్లమే ఉండదు. కడసారి చూసొద్దామని, వాన వెలిసిన మూడు వారాలకు ఆ ఆదివారానికి ముందు గురువారం పొద్దున, ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను.

కంచె లోపల లస్మయ్య గొంతుకూర్చుని ఉన్నాడు. జగిత్యాల దగ్గరి రైతు. బోర్లు ఎండిపోయి ఇక్కడికి వచ్చాడు. నా మొదటి లెక్క అయిన వేసవిలో మా కంపెనీ అతన్ని కాపలాకు పెట్టింది. తెగిన తీగ కట్టడం, గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ ఏరడం అతని డ్యూటీ. అతని పక్కన గోనెసంచి ఉంది. దాని నిండా వేళ్ళతో సహా పీకిన లేత మొక్కలు.

"ఏం చేస్తున్నావు లస్మయ్యా?"

"కలుపు తీస్తున్న మేడం. మీరు మార్చిల గద వచ్చేది. ఈపాలి వాన మస్తు పడ్డది, కలుపు గూడ మస్తు లేచింది. మీరొచ్చెటాల్లకు సాఫ్ చేద్దామనుకున్న."

సంచిలోంచి ఒక మొక్క తీసి చూశాను.

"ఎప్పట్నుంచి తీస్తున్నావు?"

"వచ్చిన కాడికెల్లి. ఆరేండ్లాయె."

"తీయమని నీకెవరు చెప్పారు?"

"ఒకలు చెప్పాల్నా మేడం? కలుపు తియ్యనోడు కోత కొయ్యడంటరు. ఇగో, ఇది పల్లేరు. మా దిక్కు గూడ గిదే. ఇదుంటె రేగుచెట్టుకు నీళ్ళు దక్కుతయా?"

మెచ్చుకుంటానేమోనని అతను నా ముఖం వైపు చూస్తున్నాడు. ఆరేళ్ళు ప్రతి మార్చిలోనూ నేను ఈ శుభ్రమైన నేలను చూసి, అయ్యో వానా అని నిట్టూర్చి, కనబడని మొక్కల ఎదుట సున్నాలు వేసుకుని పోయాను. గింజ రాలకముందే మొక్కను పీకేస్తే మట్టిలో మిగిలిన పాత గింజ ఏటేటా తరిగిపోతుంది. నా అంకెలు అందుకే అంత వరసగా దిగాయి. వాన తగ్గిన మాట నిజమే. కానీ నేను లెక్కగట్టింది లస్మయ్య చేతుల పని.

"పీకినవి ఏం చేస్తావు?"

"క్యాబిన్ ఎనక పారబోస్త."

అతని క్యాబిన్ కూడా కంచె లోపలే ఉంది. ఏనాడూ తొంగిచూడని ఆ వెనకవైపుకు వెళ్ళి చూశాను. ఆరేళ్ళుగా పోసిన కలుపులో గింజ పట్టినవీ కొన్ని ఉండి ఉంటాయి. సెంటు నేల మొత్తం పచ్చగా నిండిపోయి ఉంది. వంగి లెక్కపెట్టాను. పంతొమ్మిదో రకం రాసుకుని అతని వైపు తిరిగాను.

"వీటికి నీళ్ళు పోస్తున్నావా?"

"మా తాగుడు నీళ్ళకే ట్యాంకర్ కోసం ఎదురుచూస్తం మేడం. గడ్డికెవడు పోస్తడు?"

అదే మట్టి, అదే వాన. చచ్చిపోయిందని నేను సంతకం పెట్టిన పల్లం బతికే ఉంది.

"లస్మయ్యా, నేను ఏటా లెక్కపెట్టడానికి వస్తున్నది ఈ కలుపునే."

అతను వెంట తెచ్చిన గోనెసంచి మెల్లగా కింద పెట్టాడు.

మా ఆఫీసు పెద్ద రామకృష్ణారావుగారికి ఫోన్ చేశాను. ఆయన గొంతు పక్కనున్నవాళ్ళకు కూడా వినిపిస్తుంది.

"నా రిపోర్టు తప్పండీ. వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం పని ఆపించండి."

జరిగిందంతా విన్నాక ఆయన అన్నారు, "కొరివితో తల గోక్కుంటానంటావేంటి ధాత్రీ? ఏడేళ్ళ పని. రేపు నీ మాట ఎవరు నమ్ముతారు? సరే, పీకినవాడి పేరు చెప్పు. వారంలో టికెట్టు చేతిలో పెట్టి పంపించేస్తాను."

లస్మయ్య నా ఎదుటే నిలబడి ఉన్నాడు. రెండు చేతులకూ తడిమట్టి.

"తప్పు నాదని రాసుకోండి. అక్కడ ఏం లెక్కపెడుతున్నానో కాపలా ఉన్న మనిషికి ఏనాడూ చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను."

చివరికి ఆదివారం బుల్డోజర్లను ఆపిస్తానన్నారు. నన్ను మాత్రం ఆదివారం నుంచి ఆఫీసుకు రావద్దని చెప్పి ఫోన్ పెట్టేశారు.

లస్మయ్య అంతా విన్నాడు. దండం పెడతాడేమోనని భయపడ్డాను. పెట్టలేదు. నా పక్కన, నేల మీదే కూర్చున్నాడు.

"ఏ వానకు ఏది మొలుస్తదో నాకెరుకే మేడం. నవంబర్ల పడితె ఒక తీరు గడ్డి, జనవరిల పడితె ఇంకో తీరు. ఒక యాడాది లేచింది మల్ల రెండేండ్లు కనవడదు. అన్ని నా చేతులతోటి పీకినయే. మీరు వచ్చినప్పుడల్ల నాతోని చాయ్ తాగిన్రు, నా పిల్లల సదువులు అడిగిన్రు. గీ ఒక్క ముచ్చట అడగకపోతిరి."