గొడుగు గుర్తు చెప్పులు

మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయితే చాలు, ఎతెల్కాకు వెనకనుంచి వట్టికాళ్ల చప్పుడు వినిపిస్తుంది. చిన్నపిల్ల కాళ్లు. తప్, తప్ మంటూ ఆమె దగ్గర్నుంచి దూరంగా వెళ్లిపోతాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్కరోజూ తప్పలేదు. డాక్టరు చెవులు శుభ్రం చేశాడు, ఫాదరు ప్రార్థన చేశాడు. ఆ కాళ్లు ఇద్దరినీ లెక్కచెయ్యలేదు.

ఆ రోజు బుడాపెస్ట్‌లో, దేశంలోని శిశుపాఠశాలలన్నిటికీ ఒకే నాణ్యతా ప్రమాణాలు రాస్తున్న సంఘం ఆఖరి సమావేశం. ఏడుగురు సభ్యుల్లో పిల్లల ముక్కులు తుడిచిన అనుభవం ఎతెల్కాకు ఒక్కదానికే ఉంది. మిగతావాళ్లు పిల్లల మీద పుస్తకాలు రాసినవాళ్లు. పొద్దుటినుంచీ సాఫీగా నడిచిన పని పధ్నాలుగో నిబంధన దగ్గర ఆగింది. మధ్యాహ్నం పడుకున్న పిల్లల్ని ఎలా లెక్కపెట్టాలన్నది అక్కడి ప్రశ్న.

గదిలోకి వెళ్లి, ఒక్కొక్క మొహమూ చూసి, ఊపిరి చూసి లెక్కపెట్టాలని ఎతెల్కా రాసుకొచ్చింది.

మంత్రిత్వ శాఖ తరఫున వచ్చిన కెలెమెన్ నవ్వాడు. "టీచరుగారూ, ఇరవై రెండు మొహాలు చూసేసరికి సగంమంది లేచి కూర్చుంటారు. వాళ్లని మళ్లీ జోకొట్టడానికి మీరొస్తారా? మనవాళ్లు గుమ్మంలో నిలబడే చెప్పులు లెక్కపెట్టేస్తున్నారు. మంచం కింద జత ఉంటే మంచం మీద పిల్ల ఉన్నట్టే. అదే రాసేద్దాం."

అందరూ హాయిగా తలలూపారు. ఆ పద్ధతి ఎంత సుఖమో ఎతెల్కాకు తెలిసినంతగా అక్కడెవరికీ తెలియదు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆమె ఒక శిశుపాఠశాలలో టీచరు, అప్పటికి ముప్పై ఏళ్లు. బడిలో ప్రతి పిల్లకూ ఒక బొమ్మ గుర్తు ఇస్తారు. తువ్వాలుకూ, మంచానికీ, గదిలో తొడుక్కునే చెప్పులకూ అదే గుర్తు. బొరోకాది గొడుగు. నాలుగేళ్ల పిల్ల, పడుకోమంటే ఒళ్లుమంట. నవంబరులో ఒకరోజు, కాఫీ చల్లారిపోతోందన్న తొందరలో ఎతెల్కా గుమ్మం దాటకుండానే ఇరవై రెండు జతలు లెక్కపెట్టి, రిజిస్టరులో ఒంటిగంటన్నరకు ఇరవై ఇద్దరూ నిద్రలో ఉన్నారని రాసింది. గొడుగు చెప్పులు మంచం కింద బుద్ధిగా ఉన్నాయి. తొడుక్కుంటే టకటకమంటాయని వాటిని వదిలేసి, పిల్ల అప్పటికే వట్టికాళ్లతో పెరట్లోకి వెళ్లిపోయింది. వాననీళ్ల పీపాలో కాగితప్పడవ వదలాలని వెళ్లింది. పీపాలోంచి పిల్లను తీసేసరికి అంతా అయిపోయింది.

ఒంటిగంటన్నర దాటాక కాపలా ఆయా తెర్కాది. విచారణకు వచ్చినవాళ్లు రిజిస్టరు చూశారు. అప్పటిదాకా పిల్లలందరూ ఉంటే, తప్పు తర్వాత వచ్చినదానిదే కదా. తెర్కా ఉద్యోగం పోయింది. ఎతెల్కా నోరు విప్పలేదు. ఇంట్లో పాలు తాగే కొడుకున్నాడని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ కొడుక్కిప్పుడు బట్టతల వస్తోంది, ఆవిడ సర్దిచెప్పుకోవడం మాత్రం ఆగలేదు.

పైగా తెర్కా ఏటా క్రిస్మస్‌కు గసగసాల చుట్టరొట్టె పోస్టులో పంపుతుంది. ఉత్తరం ముక్క ఉండదు. ఒక్క తునకైనా గొంతు దిగక ఎతెల్కా దాన్ని పక్కింటివాళ్లకిచ్చేస్తుంది.

"అయితే చెప్పులే ఖాయం చేసేద్దామా?" అన్నాడు కెలెమెన్ కలం తీస్తూ. "ఆ లెక్క తప్పిన దాఖలా ఎక్కడైనా ఉందా?"

గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. వెనకాల తప్, తప్.

"ఉంది," అంది ఎతెల్కా. "నా చేతిరాతలోనే ఉంది."

అంతా చెప్పింది. పిల్ల పేరు, తారీఖు, కాఫీ, తెర్కా.

"టీచరుగారూ," కెలెమెన్ గొంతు తగ్గించాడు, "ఇదంతా మినిట్స్‌లోకి ఎక్కాలా?"

"ఎక్కించు నాయనా. నా పేరుతోనే ఎక్కించు. పధ్నాలుగుకి కారణం అడిగితే అదే చూపించండి."

అతను చెప్పుల వాక్యం కొట్టేశాడు.

ఎతెల్కా వరండాలోకి వచ్చి ఫోను తీసింది. రొట్టె పార్సిలు మీద ఏటా కనిపించే నంబరే. ఎప్పుడూ చెయ్యకపోయినా నోటికొచ్చేసింది.

"తెర్కక్కా, నేను ఎతెల్కాని. ఆ రోజు నేను లోపలికి వెళ్లలేదు. చెప్పులు చూసి రాసేశాను."

అవతల కుర్చీ కిర్రుమంది.

"తెలుసు టీచరమ్మా. డ్యూటీకొచ్చి మీ వెనకాలే నిలబడ్డాను. మీరటు పోగానే లోపలికెళ్లి తడిమితే గొడుగు గుర్తు మంచం మీద దుప్పటి అప్పటికే చల్లగా ఉంది."

"మరి చెప్పలేదేం?"

"విచారణలో చెప్పానమ్మా. మీ రాత ఉండగా ఆయా మాట ఎవడికి కావాలి?"

ఎతెల్కా గోడకు ఆనుకుంది. "ఇంత తెలిసీ ఏటా ఆ రొట్టెలెందుకు పంపావక్కా?"

"మీరు మరిచిపోతారేమోనని."

ఎతెల్కా ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయింది. ఆ వట్టికాళ్ల చప్పుడు మళ్లీ మొదలైంది, ఈసారి దూరంగా పోలేదు. వరండా చివర్నుంచి తప్, తప్ మంటూ వచ్చి, ఆమె పక్కనే ఆగింది.