ఆదివారం ఏమీ రాయొద్దు

కలోలైనే మాట కాదనే ధైర్యం ఆ కుటుంబంలో ఎవరికీ లేదు. పసిఫిక్ సముద్రంలోని ఆ టోంగా దీవుల్లో తండ్రి తోబుట్టువంటే ఆషామాషీ పెత్తనం కాదు. ఆవిడ ముందు అన్నదమ్ములే తల వంచుతారు, ఇక వాళ్ల పిల్లల సంగతి చెప్పేదేముంది. అందుకే ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యిమన్నప్పుడు ఆవిడ పాస్టరుకు ఫిర్యాదు చెయ్యలేదు. నేరుగా ఉనాలోతో అనే మేనకోడలి దగ్గరికి వచ్చింది.

ఉనాలోతో ఆ చిన్న దీవిలో జాలర్ల సంఘం ఆఫీసు కంప్యూటర్ చూసుకునేది. ఆమె రాసిన ప్రోగ్రాం ఒకటి తెర మీద కనబడకుండా వెనకాల నడుస్తూ ఉండేది. పడవలో పెట్టిన పెట్టె మీద ఎర్ర మీట నొక్కితే ఆ పిలుపు ప్రోగ్రాంకి చేరేది. అది ఊళ్లో అందరి ఫోన్లకూ కబురు పంపి, తను విన్నదీ చేసిందీ లాగ్ ఫైల్లో రాసుకునేది. ఆ ఆదివారం మాత్రం ఆపదేమీ లేదు. లంగరు వేసిన పడవలో ఉప్పునీరు తగిలి పెట్టె తనంతట తనే పిలిచింది.

"దేవుడంతటివాడే ఏడో రోజు పని మానుకున్నాడు. నీ యంత్రానికి ఏం పోయేకాలమే?" అంది కలోలైనే.

"ఎవరైనా ఆపదలో ఉంటే, అత్తయ్యా?"

"ఆదివారం సముద్రం మీద ఎవడుంటాడు? ఆదివారం పని చెయ్యకూడదని చట్టమే ఉందాయె, చేపలు పడితే పోలీసులు ఊరుకుంటారా?"

"సరే, కబుర్లు ఆపేస్తాను. లాగ్ మాత్రం రాసుకోనివ్వండి. చప్పుడు చెయ్యదు."

"రాయడం పని కాదా? చిన్నప్పుడు నిన్ను రాయమంటే ఇల్లెక్కి ఏడ్చేదానివి."

ఉనాలోతోకి నవ్వొచ్చింది. సెట్టింగ్స్ ఫైలు తెరిచి రెండు వరుసలు చేర్చింది. ఆదివారం కబుర్లు వద్దు. ఆదివారం లాగ్ వద్దు. రెండోది రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. కబురు ఆపినా లాగ్ ఆపకూడదని ఆ పని తెలిసినవాళ్లందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు. తెలిసే చేసింది. అత్తయ్య మురిసిపోయి, ఆ పూట గుంటపొయ్యిలో కాలిన పంది మాంసంలో మంచి ముక్క ఏరి ఆమెకి పెట్టింది.

కొన్ని నెలల తర్వాత కలోలైనే భర్త, మతేయాకి అనే ఆయన, ఒక శనివారం పక్క దీవిలోని తమ్ముడింటికి పడవ మీద బయల్దేరాడు. ఆదివారం అక్కడే చర్చికి వెళ్లి సోమవారం వస్తానన్నాడు. చేరాడని ఇక్కడివాళ్లు అనుకున్నారు, ప్రయాణం మానుకున్నాడని అక్కడివాళ్లు అనుకున్నారు. ఆదివారం గడిచిపోయి సోమవారం వచ్చాక ప్రోగ్రాం నోరు విప్పింది. అందరి ఫోన్లూ మోగాయి, పడవలు పరుగెత్తాయి. పగడపు దిబ్బ అవతల పడవ బోల్తా పడి కనిపించింది. మధ్యాహ్నానికి ఆయనా దొరికాడు. ప్రాణం లేదు.

అంత్యక్రియలయ్యాక ఉనాలోతో ఆఫీసుకు వెళ్లి లాగ్ తెరిచింది. శనివారం వరుస కిందే సోమవారం వరుస ఉంది, మధ్యలో ఒక రోజే లేనట్టు. మీట నొక్కిన ప్రతిసారీ పెట్టె తన పిలుపుకి వరుసగా ఒక నంబరు వేసి పంపుతుంది. శనివారం బయల్దేరే ముందు పెట్టె ఆన్ చేసి పరీక్ష కోసం మామయ్య నొక్కిన పిలుపు ఒకటో నంబరు. సోమవారం వచ్చినది ముప్పై ఏడు. మధ్యవన్నీ ఆదివారం పిలుపులే. వీళ్లంతా చర్చిలో గొంతెత్తి పాడుతున్నప్పుడు, కడుపునిండా తిని కునుకు తీస్తున్నప్పుడు, ఆయన నొక్కుతూనే ఉన్నాడు. ఉనాలోతో బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

తల ఎత్తేసరికి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. నల్లబట్టలు, నడుము చుట్టూ అంచులు చిరిగిన పెద్ద సంతాపపు చాప. వచ్చి ఎదుటి కుర్చీలో కూలబడింది.

"ఉనా, ఒక్క మాట అడగనా? ఆయన శనివారం దారిలో ఏదో దీవి ఒడ్డున ఆగిపోయి ఉంటాడు. ఆదివారమంతా అక్కడే ఉండి, సోమవారం బయల్దేరాకే పడవ తిరగబడి ఉంటుంది. అప్పుడు ఒక్కసారి పిలిచాడు, మనం విన్నాం, వెళ్లాం. అంతే కదూ?"

నిజం చెబితే అత్తయ్య మిగతా బతుకంతా తన మాటే తన భర్తను తినేసిందని కుమిలిపోతుంది. చెప్పకపోతే తన చేత్తో సెట్టింగ్స్‌లో రాసిన ఆ వరుసలు ఏం చేశాయో ఎవరికీ తెలియదు. అబద్ధం అత్తయ్య కోసమా, తన కోసమా అన్నది ఉనాలోతోకే తేలలేదు.

"అంతే, అత్తయ్యా. ఒక్కసారే పిలిచారు."

కలోలైనే ఆమె ఎర్రబడ్డ కళ్లలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపి మేనకోడలి చెంపలు తుడిచింది.

"పుట్టినప్పట్నించీ నా మాట ఒక్కటీ కాదనలేదే నువ్వు," అంది. "ఒక్కసారి కాదని ఉండాల్సింది, తల్లీ."