శుక్రవారం చర్చి

గంగులమ్మకూ జైనబ్‌కూ శుక్రవారం పొద్దున్నే పోట్లాట తప్పేది కాదు. కడప నుంచి వచ్చి, మస్కట్‌లో జైనబ్ ఇంట్లో వంట చేసే గంగులమ్మకు ఆ పూట చర్చికి పోవాలి. జైనబ్ అన్నదమ్ములూ, వదినలూ, వాళ్ల పిల్లలూ అంతా భోజనానికి దిగేది కూడా ఆ పూటే. బియ్యం నానబోసి, మాంసానికి మసాలా పట్టించి, వంటమనిషి మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడితే ఏ ఇల్లాలికైనా ఒళ్లు మండదూ?

"లోకంలో క్రైస్తవులంతా ఆదివారం పోతారట. నువ్వు మాత్రం నా భోజనాల రోజే పోవాలా?" అనేది జైనబ్, అరబ్బీ హిందీ కలగలిపి.

"ఆదివారం ఈడ ఎవురికుంది సెలవు మామా? అందురికీ డ్యూటీనే. చర్చి నిండేది శుక్రవారమే" అనేది గంగులమ్మ, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూనే. అక్కడ ఇంటావిడను మామా అనే పిలుస్తారు. మధ్యాహ్నానికి పరుగున వచ్చి వడ్డించేసేది. మళ్లీ శుక్రవారం దాకా ఇద్దరూ పాలూ నీళ్లే.

తొంభై ఒకటిలో ఒక శుక్రవారం, చర్చి పెద్ద జయరాముడు యాకూబ్ సంగతి చెప్పాడు. యాకూబ్ పాకిస్తాన్ పంజాబు నుంచి వచ్చిన క్రైస్తవుడు. మస్కట్ శివార్లలోని ఘాలాలో గ్యారేజీ మెకానిక్‌గా ఉన్నన్నాళ్లూ కంపెనీ బస్సెక్కి చర్చికొచ్చి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా మన తెలుగు పాటలకు ఢోలక్ వాయించేవాడు. గంగులమ్మను బాజీ, బాజీ అని అక్క వరస పెట్టి పిలిచేవాడు. వీసా అయిపోయి సొంతూరు వెళ్తే, గిట్టనివాళ్లు మతం పేరుతో నింద మోపి ఇల్లు తగలబెట్టారు. ప్రాణాలు అరచేత పట్టుకుని లండన్ చేరి, ఇక్కడ తలదాచుకోనివ్వండని అర్జీ పెట్టుకున్నాడు. అక్కడి ఆఫీసరు కుదరదన్నాడు.

"ఎందుకు కాదన్నాడంట?"

"మస్కట్‌లో ఏ రోజు చర్చికి వెళ్లేవాడివని అడిగాడట. మనవాడు శుక్రవారం అన్నాడు. శుక్రవారం వెళ్లేది మసీదుకి, నువ్వసలు క్రైస్తవుడివే కాదు అని రాసిపడేశాడు."

గంగులమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఈపాటి మాటకు మనిషిని మళ్లీ ఆ మంటల్లోకి తోసేస్తారా?

లాయరు హైకోర్టుకెళ్లాడని చెప్పాడు జయరాముడు. యాకూబ్ క్రైస్తవుడా కాదా అని జడ్జి తేల్చడు. ఆఫీసరు సరిగ్గా విచారించాడా లేదా అన్నదే చూస్తాడు. లేదని తేలితే అర్జీ మళ్లీ ఆ ఆఫీసుకే పోతుంది.

"అత్త తిట్టి, కూర మళ్లా కోడలి చేతనే వండించినట్ల" అంది గంగులమ్మ.

"అంతే. ఇక్కడ చర్చి శుక్రవారమేనని ఎవరైనా ప్రమాణం చేసి చెప్పాలి. పాస్టరుగారు చెప్పారుగానీ, సొంతవాళ్లేగా అంటారని లాయరు భయం."

"నేను చెప్తా."

"నీ పేరు గంగులమ్మ, నా పేరు జయరాముడు. మనల్నే క్రైస్తవులంటే నమ్మడు ఆ మహానుభావుడు. మన చర్చి వల్ల ఏ లాభమూ లేనివాళ్లు కావాలి."

లాభం మాట దేవుడెరుగు, నిండా నష్టపోయిన మనిషే ఒకామె ఉంది.

ఆ సాయంత్రం జైనబ్‌కు టీ అందిస్తూ గంగులమ్మ సంగతంతా చెప్పింది. "నువ్వొచ్చి ప్రమాణం చేస్తే నెల పాటు చర్చి మానుకుంటా మామా. ఇంట్లోనే ఉండి వండిపెడతా." ఆ మాట అనడం ఆమెకు తేలిక కాదు. వారమంతా ఆ ఒక్క పూట మొహం చూసుకునే బతికేది మరి.

జైనబ్ కళ్లు మెరిశాయి. అంతలోనే మొహం ముడుచుకుంది. "ప్రతి శుక్రవారం పోతుందని అల్లా మీద ప్రమాణం చేసి, నిన్ను ఇంట్లో కూచోబెడితే నా ప్రమాణం ఏం కాను? నువ్వు పోవాల్సిందే, నా ఖర్మ." టీ కప్పు కింద పెట్టి మళ్లీ అంది. "దేవుణ్ణి నమ్ముకున్నవాడి ఇల్లు కాలుస్తారా? వాళ్లను అల్లా అడుగుతాడు."

తీరా మస్కట్‌లోనే ఒక వకీలు ముందు కూర్చున్నాక, జైనబ్ మూడేళ్ల కడుపుమంటంతా వెళ్లగక్కింది. మాడిన అన్నం, వదినల ఎత్తిపొడుపులు, తన మాటంటే లెక్కలేని వంటమనిషి, ఏదీ వదల్లేదు. వకీలు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాసి పంపాడు. లండన్ కోర్టులో అది చదువుతుంటే జడ్జి కూడా నవ్వాపుకోలేకపోయాడట. ఆ దేశంలో సెలవు ఎప్పుడో కనుక్కోకుండా మనిషిని అబద్ధీకుడనడం అన్యాయమని, ఆఫీసరు తీర్పును కొట్టేశాడు. రెండోసారి అడిగినప్పుడు ఆఫీసు వాళ్లు యాకూబ్‌ను ఉండిపొమ్మన్నారు.

ఒక శుక్రవారం చర్చిలో ఆ కబురు వినగానే గంగులమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సొంత తమ్ముడు బతికి బయటపడినంత సంతోషం. "ఇంక మావాడు ఆదివారం ఆదివారం నిమ్మళంగా చర్చికి పోతాడు" అంది.

"ఎక్కడ పోతాడు?" అన్నాడు జయరాముడు. "హోటల్లో పని దొరికింది. ఆదివారం రద్దీ అని వదలరట. సెలవిచ్చేది శుక్రవారం. ఆ రోజు అక్కడ చర్చికి తాళం."

ఏడుస్తున్న మనిషి కాస్తా పకపకా నవ్వింది. నవ్వుకుంటూనే ఇంటికొచ్చి, చుట్టాలకు వడ్డిస్తున్న జైనబ్‌తో చెప్పింది.

జైనబ్ నవ్వలేదు. చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"ఆ జడ్జికి ఇంకోసారి రాద్దామా?" అంది.