లేని వెంచర్

జనార్ధన్ అబద్ధాలాడే మనిషి కాదు. అవసరం పడితే మాత్రం వెనకాడడు. కీసర సంబంధం రాగానే, "మావోడు మేడ్చల్ కాడ ప్లాట్ల వెంచర్ జేస్తుండు" అని పిల్ల తండ్రి వీరేందర్‌తో ఫోన్‌లో అనేశాడు.

నిజానికి కొడుకు రాకేష్ చీరలు మడతపెడతాడు. పెళ్లికూతుళ్లు చిటికెలో కట్టుకునేలా కుచ్చిళ్లు, కొంగు మడతలు ముందే పెట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెలో సర్ది ఇస్తాడు. భూములున్న ఇంటి పిల్లవాడు ఆడవాళ్ల చీరలు మడవడమేమిటని శామీర్‌పేటలో ముసిముసిగా నవ్వుకున్నారు. జనార్ధన్‌కి తల కొట్టేసినట్టయింది.

అంతకుముందు రెండేళ్లు రాకేష్ తండ్రి మాట కాదనలేక కొనేవాళ్లకు ప్లాట్లు చూపించాడు. ఇంటికొచ్చి కంచం ముందు తల వంచుకుని అన్నం కెలికేవాడు. ఇప్పుడు చీర ముందు కూర్చుంటే కూనిరాగాలే! ఆ తేడా జనార్ధన్ చూశాడు. చూసీ చూడనట్టే ఉన్నాడు.

పెళ్లిచూపుల రోజు కీసరలో పిల్ల సుస్మిత పట్టుచీరలో వచ్చి కూర్చుంది. జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. చాయ్ తాగుతూ వీరేందర్ అడిగాడు.

"వెంచర్ల ఎన్ని ప్లాట్లున్నయి బాబూ?"

తండ్రి కారులో నేర్పిన జవాబు ఉంది. రాకేష్ మాత్రం తల వంచుకున్నాడు. కంచం ముందు కూర్చున్న నాటి ముఖమే అది. వీణ్ణి మళ్లీ అక్కడ కూర్చోబెట్టింది నేనే కదా అనుకున్నాడు జనార్ధన్.

"వెంచర్ లేదన్నా. నేనే అబద్ధం జెప్పిన. మావోడు చీరలకు కుచ్చిళ్లు పెడ్తడు. మస్తు మంచిగ పెడ్తడు."

వీరేందర్ చాయ్ కప్పు కింద పెట్టేశాడు. సుస్మితే తలెత్తింది.

"అయితే గీ చీర ఎట్లున్నదో చెప్పుండ్రి."

"నిజం జెప్పాల్నా?" రాకేష్ ముఖంలోకి ప్రాణం వచ్చింది. "కొంగు మడతలు ఒక్కతీరుగ లేవు. ఇస్త్రీ ఎక్కువై జరి నల్లబడ్డది."

"నేనే జేసిన బిడ్డా," అంది మూల కూర్చున్న సుస్మిత నాయనమ్మ ఇందిరమ్మ. రాకేష్ నాలుక కరుచుకున్నాడు. సుస్మిత పకపకా నవ్వింది. వీరేందర్ మాత్రం నవ్వలేదు.

"ఫోన్ జేస్తం," అన్నాడు. ఆ మాటకు అర్థం జనార్ధన్‌కి తెలియనిది కాదు.

కారు ఊరు దాటాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అవునురా, జరి మీద ఇస్త్రీ ఎట్ల జెయ్యాలె?"

రాకేష్ తండ్రి వైపు ఒక క్షణం చూసి, మొదలుపెట్టాడు. ఇక ఆపలేదు. జనార్ధన్‌కి సగం అర్థం కాలేదు. కారు మాత్రం నెమ్మదిగా నడిపాడు.