జిగురు పట్టని రెక్క

షెడ్డులో మేం కడుతున్న బుల్లి విమానం రెక్కకి బోల్టులతోపాటు జిగురూ వేశాం. బోల్టులు మాత్రమే ఉంటే బరువంతా కన్నాల దగ్గరే పడి చెక్క చీలుతుంది. జిగురు ఆరాక నాణెంతో కొడితే గట్టిగా పలకాల్సిన రెక్క డొల్లగా పలికింది, అంటే లోపల పట్టలేదు.

"చెక్కని గరుకు చేసి మరీ అంటించాం కదయ్యా!" అన్నారు మామయ్యగారు.

అత్తయ్యగారు మురిసిపోయారు. "గరుగ్గా ఉందనే మీరు అంటించే ముందురోజు నూనెగుడ్డతో శుభ్రంగా తుడిచాను అల్లుడుగారూ!"

ఎవర్ని తిట్టను? కళ్లు నెత్తిన పెట్టుకుని పూసింది మేమే. ఇక ఆ జిగురు పట్టిన చోట ఊడిరాదు, పట్టని చోట నిలవదు.

మామయ్యగారు ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. రెంచీ తీసుకుని బోల్టులు ఇంకా బిగించసాగారు. కన్నం దగ్గర చెక్క చిటుక్కుమంది. ఆయన ఆపలేదు.